పొలం ఇంట్లో పసిపిల్లలుంటే ఏం కొనాలి: బోరు మూత, కుంట కంచె, పురుగుమందుల పెట్టె

పొలం దగ్గరే ఇల్లు కట్టుకుని, నడక వచ్చినప్పటి నుంచి బడికి పోయే వయసు దాకా పిల్లల్ని అక్కడే పెంచే కుటుంబాల కోసం ఈ సమీక్ష. 'పిల్లల భద్రత' పేరు చెప్పి బజారులో ఇప్పుడు చాలానే అమ్ముతున్నారు. సిమ్ కార్డుతో నడిచే సోలార్ కెమెరాలు, చేతికి కట్టే జీపీఎస్ వాచీలు, పుర్రె బొమ్మ వేసిన 'ప్రమాదం' బోర్డులు. ఇవేవీ ఇక్కడ కనపడవు. మేం ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడిగి చూశాం. అమ్మ పొయ్యి దగ్గర, నాన్న మోటారు దగ్గర, నాయనమ్మ కునుకులో ఉన్న రెండు నిమిషాల్లో ఇది ఎవరి సాయం లేకుండా పనిచేస్తుందా? కెమెరా మోటారు దొంగల కోసం పెట్టుకోండి, తప్పులేదు. పిల్లవాడు కుంట వైపు నడుస్తుంటే అది రికార్డు చేస్తుందే గానీ ఆపదు.

ధరలు ఇవ్వడం లేదు. ఇనుము రేటు నెలకోలా ఉంటుంది, ఊరికోలా ఉంటుంది. వాటికి బదులు బరువులూ కొలతలూ ఇస్తున్నాం. మీ ఊరి రేటుతో గుణించుకుంటే లెక్క వచ్చేస్తుంది, షాపువాడు ఎక్కడ తగ్గించి ఇస్తున్నాడో కూడా తెలుస్తుంది.

బోరు మూత

అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముందు కొనాల్సింది ఇదే. వ్యవసాయ బోరు సాధారణంగా ఆరున్నర అంగుళాల వెడల్పున వేస్తారు. పెద్దవాళ్ళ కంటికి అది కాలు పట్టే కన్నం మాత్రమే. చేతులు పైకెత్తిన మూడేళ్ళ పిల్లవాడు అందులోంచి సులువుగా జారిపోతాడు.

పైపుల షాపులో దొరికే ప్లాస్టిక్ మూతను కేసింగ్, అంటే బోరు నోట్లో దించిన పైపు మీద నొక్కి బిగిస్తారు. బోరులో మట్టీ ఎలుకలూ పడకుండా కొన్నాళ్ళు ఆపుతుంది. ఎండకు పెళుసెక్కాక పైన కాలు పెడితే పగులుతుంది. పగలకపోయినా నాలుగేళ్ళ పిల్లలు దాన్ని ఊడబీకి బండి చక్రం చేసుకుంటారు. పిల్లలున్న చోట దీన్ని మూత కింద లెక్కించొద్దు. గోనెసంచి కప్పి బండరాయి పెట్టడం ఇంకా అన్యాయం. సంచి చివికిపోతుంది, రాయి ఎవరికో అవసరమవుతుంది.

కొనాల్సింది బోల్టులతో కేసింగ్‌ను పట్టుకునే పోత ఇనుప మూత. పైపుకో రంధ్రం, కేబుల్‌కో రంధ్రం, తాడుకో కొక్కెం ఉంటాయి. కొనేటప్పుడు చాలామంది 'ఆరున్నర బోరుకు' అని అడుగుతారు. మూత పట్టేది బోరును కాదు, కేసింగ్‌ను. కేసింగ్ చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించి, వచ్చిన కొలత చెప్పండి. దారం 22 అంగుళాలు వస్తే బయటి వ్యాసం 7 అంగుళాలు. పెద్ద సైజు మూత తెచ్చి మధ్యలో రబ్బరు ముక్కలు దోపితే ఆరు నెలలకు అది చేతితో తిరుగుతుంది. బోల్టులు రెంచితోనే విప్పేవి ఉండాలి. చేత్తో తిప్పే రెక్కల నట్లు వద్దు. బిగించే ముందు గ్రీజు రాయకపోతే తుప్పు పట్టి, మోటారు కాలిన రోజు మెకానిక్ వాటిని కోసేస్తాడు, మళ్ళీ బిగించడు. కేబుల్ రంధ్రం అంచును ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు గొట్టం తొడగండి. లేకపోతే పైతొక్క తెగి మూతకే కరెంటు వచ్చే ప్రమాదముంది.

అసలు ముప్పు మోటారు పైకి తీసిన రోజుల్లో ఉంటుంది. మెకానిక్ మోటారును పట్నం పట్టుకుపోతాడు, వైండింగ్‌కు నాలుగు రోజులు పడుతుంది, అన్నాళ్ళూ బోరు నోరు తెరుచుకుని ఉంటుంది. అందుకే రంధ్రాలు లేని గుడ్డి మూత ఒకటి అదనంగా కొని స్టార్టర్ పెట్టె పక్కన వేలాడదీయండి. ఈ ఒక్క సలహాకే ఈ సమీక్ష చదివిన ఫలితం దక్కుతుందని మా నమ్మకం.

ఇనుప కేసింగ్ ఉండి, ఇప్పట్లో మోటారు దించే ఆలోచన లేకపోతే 5 మిల్లీమీటర్ల రేకును పైన వెల్డింగ్ చేయించడం ఉత్తమం. పీవీసీ కేసింగ్‌కు ఆ వీలు లేదు.

ఫెయిలైన బోరు సంగతి వేరు. నీళ్ళు పడలేదని కేసింగ్ లాగేసుకుంటే, మూత పట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. అంచు మట్టి వానకు కరిగి నోరు గరాటాలా వెడల్పవుతుంది. అలాంటి దానికి మూత కొనొద్దు, పూడ్చేయండి. బోరు బావుల్లో పిల్లలు పడుతున్న కేసుల మీద సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా నింపాలనే ఉంది. వాడుకలో ఉన్న బోరైతే కేసింగ్ చుట్టూ 50 సెంటీమీటర్ల చదరం, 60 సెంటీమీటర్ల లోతు కాంక్రీటు దిమ్మె కట్టాలి. అందులో సగం నేలలో, సగం పైకి ఉండాలి.

ఇది పెద్ద ఖర్చేమోనని చాలామంది వాయిదా వేస్తారు. లెక్క చూడండి. ఆరున్నర అంగుళాల బోరు 300 అడుగుల లోతున్నా దాని లోపలి ఘనపరిమాణం 70 ఘనపుటడుగులు దాటదు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు ట్రాలీ ఒక్కటి చాలు, అందులోనూ మిగులుతుంది. బోరు వేసినప్పుడు వచ్చిన రాతిపొడి పక్కనే కుప్పగా ఉంటే ట్రాలీ కూడా అక్కర్లేదు. అంగుళం కన్నా పెద్ద రాళ్ళు వేయొద్దు, బొచ్చెలతో కొంచెం కొంచెంగా పోయండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే మధ్యలో ఎక్కడో ఇరుక్కుని పైకి నిండినట్టు కనిపిస్తుంది. తొలకరి వానకు ఆ అడ్డు జారి పైమట్టి మొత్తం దిగిపోతుంది. 70 ఘనపుటడుగులు పట్టాల్సిన చోట 20కే నిండిందంటే లోపల ఇరుక్కుందని అర్థం. రెండు పెద్ద వానలు కురిశాక మళ్ళీ వెళ్ళి కుంగిన మేర నింపండి. దిమ్మె లెక్క ఇంకా తక్కువ. ఒక బస్తా సిమెంటు, రెండింతలు ఇసుక, నాలుగింతలు 20 మిల్లీమీటర్ల కంకర. ఒక మేస్త్రికి పూట పని.

కుంట చుట్టూ కంచె

పాతకాలపు దిగుడు బావికి మెట్లైనా ఉండేవి. ఇప్పుడు నీళ్ళు ఇంకిపోకుండా 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరిచిన సేద్యపు కుంటలో మెట్టు ఉండదు, పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. షీటు మీద నెల తిరిగేసరికి పాచి పడుతుంది. ఈత వచ్చిన పెద్దవాళ్ళే ఒడ్డుకు చేరి కూడా ఎక్కలేక జారిపోతారు. షీటు వేసిన కుంటకు కంచె కూడా షీటు ఖర్చులోనే కలిపి చూసుకోవాలి.

కంచె అనగానే ముళ్ళతీగ గుర్తొస్తుంది. నాలుగు వరుసల ముళ్ళతీగ గేదెను ఆపుతుంది, మూడేళ్ళ బిడ్డను ఆపదు. కింది వరుస కిందనుంచి పాకి పోతాడు, వీపు గీసుకుపోతుంది, అంతే. పిల్లల కోసమైతే తీగతో గళ్ళు గళ్ళుగా అల్లిన చైన్‌లింక్ జాలీయే.

షాపులో ముందుగా చూపించేది 3 అంగుళాల గడి ఉన్నది, ఎందుకంటే అది చవక. ఆ గడిలో పిల్లవాడి పాదం సగం దూరుతుంది, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేస్తాడు. 2 అంగుళాల గడిలోనూ బొటనవేలు బాగానే ఆనుతుంది. ఇంటి ఈతకొలనుల కంచెల గురించి అమెరికాలోని కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ ఇచ్చిన కొలతల్లో చైన్‌లింక్ గడి ఒకటిముప్పావు అంగుళాలకు మించకూడదని ఉంది. కంచె ఎత్తు కనీసం 4 అడుగులు, గేటు దానంతట అదే మూసుకుని గడియ పడాలి, తెరిస్తే నీళ్ళ వైపు కాకుండా బయటి వైపు తెరుచుకోవాలి. అక్కడి ఈతకొలనుకూ మన కుంటకూ పోలికేంటని అనుకోవచ్చు గానీ, పిల్లల కాలివేళ్ళు ఎక్కడైనా ఒకటే. మన దగ్గర ఒకటిన్నర అంగుళాల గడి సిద్ధంగా దొరకడం తక్కువ. జాలీ అల్లే మెషిన్ పెట్టుకున్న చిన్న యూనిట్లు ఇప్పుడు పట్టణాల్లో ఉన్నాయి, ఆర్డరిస్తే అల్లి ఇస్తారు. ఎత్తు 5 అడుగులు తీసుకోండి. కట్ట మీద మట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది, 4 అడుగులు కొంటే కొన్నిచోట్ల మూడున్నరే మిగులుతుంది.

గేజిలో మోసం ఎక్కువ. 12 గేజి అంటే తీగ మందం 2.64 మిల్లీమీటర్లు, 14 గేజి అంటే 2.03. కంటితో చూస్తే తేడా తెలియదు, కాటా మీద తెలుస్తుంది. 50 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, 2 అంగుళాల గడి చుట్ట 12 గేజిదైతే 40 కిలోలకు అటూ ఇటూగా తూగాలి, 14 గేజిదైతే 24. అదే చుట్ట ఒకటిన్నర అంగుళాల గడితో 12 గేజిలో 52, 14 గేజిలో 31 కిలోలు. 12 అని చెప్పిన 2 అంగుళాల చుట్ట 33 కిలోలు తూగితే అది 13 గేజి. పైగా చుట్టను లాగి 50 అడుగులు చేస్తారు, అప్పుడు గడి కోలగా మారుతుంది. గడి అన్ని వైపులా సమానంగా ఉందో లేదో టేపుతో చూడండి.

మా ఎంపిక ఒకటిన్నర గడి, 12 గేజి. డబ్బు చాలకపోతే గడి పెంచొద్దు, తీగ మందం తగ్గించండి. ఒకటిన్నర గడి 14 గేజి చుట్ట, 2 గడి 12 గేజి చుట్ట కన్నా 9 కిలోలు తక్కువ తూగుతుంది, పిల్లల మాట వరకు దానికన్నా మేలు. బయట గేదెలు మేసే చోటైతే మాత్రం 14 గేజి నిలవదు. వీపు దురద తీర్చుకోవడానికి గేదె ఆనిందంటే జాలీ పొట్ట కడుతుంది. ఇప్పటికే 2 అంగుళాల జాలీ వేసి ఉంటే మొత్తం తీసేయక్కర్లేదు. బయటి వైపు కింది నుంచి 3 అడుగుల దాకా అంగుళం గడి కోళ్ళ జాలీ బైండింగ్ వైరుతో కట్టండి. త్వరగా తుప్పు పడుతుంది, కొన్నేళ్ళకోసారి మార్చుకోవాలి. గ్రీన్ షేడ్ నెట్ కట్టేవాళ్ళూ ఉన్నారు. గాలికి కంచె మొత్తం ఊగిపోతుంది, అదీగాక లోపల ఎవరున్నారో బయటికి కనపడదు. అది వద్దు.

పూత గురించి ఒక పరీక్ష. చుట్ట చివరి తీగను అంతే లావున్న మేకు చుట్టూ బిగించి నాలుగు చుట్లు చుట్టండి. జింకు పూత పెచ్చులుగా ఊడితే తీసుకోవద్దు. తళతళ మెరుపు చూసి మోసపోకండి, పలచని పూత కూడా కొత్తలో అలాగే మెరుస్తుంది. అంచులు రెండు వైపులా లోపలికి మడిచినవే అడగండి. పైకి ముళ్ళలా నిలబడే అంచు దొంగలకోసం చేసింది, పిల్లల చేతులకు తగులుతుంది.

ఇక కడీలు. రాతి కడీ జీవితకాలం ఉంటుంది, కానీ దానికి తీగ కట్టు జారుతుంది. గాడి చెక్కించకపోతే ఏడాదికి జాలీ రెండు అంగుళాలు కిందికి దిగుతుంది. కొక్కేలతో పోసిన సిమెంటు స్తంభం ఈ పనికి నయం. 7 అడుగులది తీసుకుని 2 అడుగులు పాతాలి, 8 అడుగులకొకటి, మూల స్తంభాలకు రెండు వైపులా వాలు కడీలు. 10 మీటర్ల చదరపు కుంటకు కట్టతో కలిపి కంచె చుట్టుకొలత 240 అడుగుల దాకా వస్తుంది. అంటే 50 అడుగుల చుట్టలు 5, స్తంభాలు 30, వాలు కడీలు 8, గేటుకు 2. స్తంభాలను కట్ట నడినెత్తిన పాతొద్దు. అది పోసిన మట్టి, మొదటి వానాకాలంలోనే ఒరుగుతాయి. కట్ట బయటి పాదం దగ్గర గట్టి నేలలో పాతండి. జాలీని బిగించే మూడు లైను తీగలు నీళ్ళ వైపు ఉండాలి. బయటి వైపు ఉంటే మధ్య తీగ పిల్లలకు మెట్టవుతుంది. టర్న్‌బకిల్‌తో, అంటే తిప్పితే తీగను లాగి పట్టే ఇనుప మరతో బిగించండి, చేత్తో మెలిపెట్టిన తీగ వేసవికి వదులవుతుంది. జాలీ కింది అంచు అర అడుగు నేలలో ఉండాలి, లేదా కింద సన్నని సిమెంటు బెడ్డు పోయాలి. కుక్కలు తవ్విన సందులోంచే పిల్లలూ దూరతారు.

కంచె వేసే ముఠాలు చేసే పనిలో ఎక్కువగా కనపడే లోపం వరద నీరు కుంటలోకి వచ్చే చోట ఉంటుంది. కాలువ అడ్డొచ్చిందని అక్కడ జాలీని పైకి కత్తిరించి వదిలేస్తారు. అలుగు దగ్గరా అంతే. చుట్టూ 240 అడుగులు కట్టి అక్కడ అడుగున్నర సందు వదిలితే ఖర్చంతా వృథా. ఆ రెండు చోట్లా నిలువు చువ్వలతో ఇనుప చట్రం చేయించి బిగించండి, చువ్వకూ చువ్వకూ మధ్య 3 అంగుళాలు. అడ్డ చువ్వలు పైనా కిందా తప్ప మధ్యలో వద్దు, ఎక్కడానికి దారి అవుతుంది. వానాకాలంలో చెత్త పేరుకుంటుంది కాబట్టి ప్రతి పెద్ద వాన తర్వాత తీయాలి, లేకపోతే నీరు కట్టను కోస్తుంది.

గేటుకు స్ప్రింగు బందులు వేయించండి. లేదా పై బందును కింది బందు కన్నా కొద్దిగా లోపలికి వేస్తే గేటు తన బరువుకే మూసుకుంటుంది. గడియ లోపలి వైపు, నాలుగున్నర అడుగుల ఎత్తులో. గొలుసూ తాళం కప్పా చాలనుకుంటారు గానీ, రోజూ మోటారు వేయడానికి వెళ్ళే మనిషి నాలుగో రోజుకే తాళం వేయడం మానేస్తాడు. దానికి మందు వేరే ఉంది. స్టార్టర్, గేట్ వాల్వు, ఎరువు కలిపే వెంచురీ కంచె బయట పెట్టండి. లోపలికి వెళ్ళే పని నెలకోసారి ఫుట్‌వాల్వు శుభ్రం చేయడానికే ఉంటే గేటు మూసే ఉంటుంది. కంచెకు బయట నాలుగడుగుల లోపు డ్రిప్ పైపుల చుట్టలు, రాళ్ళ కుప్ప, యూరియా బస్తాలు ఏవీ ఉండకూడదు. అవి ఎక్కి నిలబడితే 5 అడుగుల కంచె మూడడుగులదవుతుంది.

లోపల నాలుగు వైపులా తాళ్ళు కట్టండి, అడుగుకో ముడి, కొస అతి తక్కువ నీటి మట్టం దాకా అందాలి. ఇవి పెద్దవాళ్ళ కోసం, బిడ్డ కోసం దూకిన మనిషి పైకి రావడానికి. మార్కెట్లో దొరికే చవక ప్లాస్టిక్ తాడు ఎండకు పొడిపొడి అవుతుంది. ఏటా వేసవి చివర లాగి చూసి మార్చండి.

కుంటకు కంచె వేయాలా, ఇంటి ముంగిటికి వేయాలా అన్నది చాలామందికి వచ్చే ప్రశ్న. 40 అడుగులు, 30 అడుగుల ముంగిలికి 140 అడుగుల జాలీ చాలు. ఒక్క దెబ్బకు కుంట, బావి, పశువులు, ట్రాక్టరు తిరిగే దారి అన్నిటి నుంచీ కాపు దొరుకుతుంది. డబ్బు ఒక్కదానికే ఉందంటే, ఇంట్లో మూడేళ్ళ లోపు బిడ్డ ఉంటే, ముంగిలికే వేయమంటాం. అయితే ఐదేళ్ళు దాటిన పిల్లవాడు ఆ ముంగిట్లో ఉండడు. పత్తి తీతలకూ మిరప కోతలకూ వచ్చే కూలీలు చంటిపిల్లల్ని వెంట తెచ్చుకుంటారు, వాళ్ళు మీ ముంగిట్లో ఆడుకోరు, గట్ల మీద ఆడుకుంటారు. వాళ్ళని కాపాడేది కుంట కంచె మాత్రమే. కూలీలు ఎక్కువగా వచ్చే పొలమైతే మా ఓటు దానికే.

పశువుల కుడితి గోళెం, నీళ్ళ తొట్టి సంగతి ఒక్క మాటలో. రెండడుగుల అంచున్న తొట్టి మీద వంగిన ఏడాదిన్నర బిడ్డకు తల బరువు ఎక్కువ, బోర్లా పడితే తిరిగి లేవలేదు. జానెడు నీళ్ళు చాలు. మూత పెడితే పశువు తాగలేదు కాబట్టి కొట్టానికే చిన్న తడిక గేటు పెట్టడం తప్ప కొనుక్కునే ఉపాయం లేదు.

మందుల పెట్టె

పురుగుమందులూ గడ్డి మందులూ దాచడానికి తాళం వేసే ఇనుప ట్రంకు పెట్టె చాలు. 'పెస్టిసైడ్ క్యాబినెట్' అని ఎక్కువ ధరకు అమ్మేవాటిలో మాకు అదనంగా ఏమీ కనపడలేదు. పెట్టె లోపలి ఎత్తు లీటరు సీసా నిటారుగా నిలబడేంత ఉండాలి. పడుకోబెట్టిన సీసా కారుతుంది, అడుగు రేకు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. అడుగున ప్లాస్టిక్ ట్రే వేసి, పొడి మందులు పైన, ద్రవాలు కింద పెట్టండి. గడియను రివిట్లతో బిగించిన పెట్టె వద్దు, స్క్రూడ్రైవరుతో లేచొస్తుంది. వెల్డింగ్ చేసినది చూసుకోండి. తాళంచెవి పెట్టె పక్క మేకుకే వేలాడదీస్తే పెట్టె కొన్నా ఒకటే కొనకపోయినా ఒకటే. పెట్టె ఇంటి వరండాలో కాదు, దాణా, విత్తనాలు ఉన్న గదిలో కాదు. మోటారు షెడ్డులో, ఇటుకల మీద ఎత్తుగా.

మందు డబ్బా మీది త్రికోణం రంగు చూడటం ఇంట్లో అందరికీ నేర్పండి. ఎరుపు అన్నిటికన్నా విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చదంటే పిల్లవాడు తాగినా పర్వాలేదని కాదు. పారాక్వాట్ అనే గడ్డి మందుకు విరుగుడు లేదు, పసివాడికి ఒక గుక్క చాలు. అలాంటిది ఇంట్లోనే ఉంచొద్దని మా మాట. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం మన పొలాల్లో ఇప్పటికీ ఉంది. నాలుగు వందల రూపాయల మందు దాచుకోవడానికి అంతకన్నా చెడ్డ పద్ధతి లేదు.

మందుల కన్నా ముందు పెట్టెలోకి పోవాల్సినవి రెండున్నాయి. ఒకటి శుద్ధి చేసిన, అంటే మందు పట్టించిన విత్తనం. పత్తి, మొక్కజొన్న గింజలకు గులాబీ, ఎరుపు, నీలం రంగు పూస్తారు. విత్తిన తర్వాత సంచి అడుగున మిగిలిన గుప్పెడు గింజల్ని అరచేతిలో పోసి చూడండి, అంగడిలో అమ్మే రంగు బిళ్ళలకూ వాటికీ తేడా మూడేళ్ళ పిల్లకు తెలియదు. రెండోది ఎలుకల మందు. టూత్‌పేస్టు లాంటి ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు మరీ ప్రమాదం. తిన్న బిడ్డ ఒకటి రెండు రోజులు బాగానే ఆడుకుంటున్నట్టు కనిపించి, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. దానికీ విరుగుడు లేదు. ఎలుకల ఎరను బియ్యంలో, నూనెలో కలిపి పళ్ళెంలో పెట్టే పద్ధతి పిల్లలున్న ఇంట్లో మానేయాలి. బోనులు కొనండి.

పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అతికించండి: 108, ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. దాని కింద మూడు వాక్యాలు. కక్కించొద్దు. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగాలి. డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం పెద్దవాళ్ళ అలవాటు, గడ్డి మందులు పైకి వచ్చేటప్పుడు గొంతును రెండోసారి కాలుస్తాయి.

బూట్లు, దోమతెర

పిల్లల గమ్‌బూట్లు ఇప్పుడు ఆన్‌లైన్లో సులువుగా దొరుకుతున్నాయి. మోకాలి కింది దాకా వచ్చేవి తీసుకోండి, చీలమండ దాకా వచ్చేవి బురదకు తప్ప పాముకు పనికిరావు. ఎదుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దవి కొంటే గట్ల మీద తట్టుకుని పడతాడు. వేలి మందం ఖాళీ ఉంటే చాలు. నూలు సాక్స్ లేకుండా వేస్తే మడమ దగ్గర బొబ్బలొస్తాయి, ఆ తర్వాత పిల్లవాడు వాటి ముఖం చూడడు. మధ్యాహ్నం ఎండలో వేయలేం, నల్ల రంగువైతే లోపల ఉడికిపోతుంది. పొద్దుటా సాయంత్రం గడ్డిలో తిరిగేటప్పుడు మాత్రం వాడుక. బయట విడిచిన బూట్లను తలకిందులుగా కొయ్య మేకులకు తగిలించండి. నిలబెట్టి వదిలితే తేళ్ళు చేరతాయి. ఇది మంచి వస్తువే, కానీ మా ప్రశ్నకు సగం మార్కులే. వేసుకున్నప్పుడే పనిచేస్తుంది, మూడేళ్ళవాడు రెండు నిమిషాల్లో విప్పి పారేస్తాడు.

దోమతెరకు మాత్రం పూర్తి మార్కులు. దోమల కోసం కొన్నా, పొలం ఇంట్లో దాని విలువ కట్లపాము దగ్గర తెలుస్తుంది. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు దగ్గర నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, గాటు కనపడకపోవచ్చు కూడా. తెల్లారి బిడ్డ కడుపునొప్పి అంటే, కళ్ళు మూతలు పడుతుంటే, మాట ముద్దగా వస్తుంటే అజీర్తి అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ పసిబిడ్డకు కూడా పెద్దవాళ్ళంత మోతాదులోనే విరుగుడు మందు ఇస్తారు. పాము ఎక్కించిన విషం బిడ్డను బట్టి తగ్గదు కాబట్టి. అది చూసి భయపడి అడ్డు చెప్పొద్దు.

గొడుగులా విప్పి బిడ్డ మీద బోర్లించే చిన్న తెరలు పాకడం రాని పసికందుల వరకే. పాకే బిడ్డ దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచిపోతుంది. మంచానికైతే నాలుగు మూలలా కట్టే పెద్ద తెర కొనండి, పరుపు కన్నా ప్రతి వైపూ అడుగున్నర ఎక్కువ గుడ్డ ఉండాలి, ఆ గుడ్డ మొత్తం పరుపు కిందికి దోపాలి. వేలాడుతూ నేలను తాకే తెర పాముకు అడ్డు కాదు. నేల మీదే పడుకునే ఇల్లయితే అడుగు గుడ్డతో కలిపి కుట్టి, జిప్ ఉన్న రకమే తీసుకోండి. కొనేముందు జిప్ పదిసార్లు వేసి తీసి చూడండి, ఈ తెరల్లో ముందుగా పాడయ్యేది అదే. జిప్ పోతే దర్జీ దగ్గర మందపాటి ప్లాస్టిక్ జిప్ వేయించుకోవచ్చు, తెర మార్చక్కర్లేదు.